గృహిణీ విజ్ఞానము: కూలరుమీద పురిటిల్లు



శివరాత్రికి చలి శివశివా యనుచు పోవునని పెద్దలు చెప్పుదురు. మా సిద్దిపేటలో ఈ మాట యేయేటి కాయేడు నిజమగుచునే యుండును. ఈ యేడు జాగరము ముగిసిన వారమునకే మధ్యాహ్నపువేళ గోడలు వేడెక్కసాగినవి. కూలరునకు క్రొత్త గడ్డి వేయింపవలెనని పెరటివైపు కిటికీ తెరచి చూచితిని. దానిమీద నాలుగు వేపపుల్లలు, కొంచెము కొబ్బరిపీచు, మా చీపురునుండి రాలిన యీనెలు రెండు పరచుకొని యొక పావురము కూర్చుండియుండెను. నన్ను చూచియు నది లేవలేదు. రెక్క యెత్తి నా చేతిని కొట్టవచ్చెను. దాని పొట్టక్రింద తెల్లని గ్రుడ్డొకటి కానవచ్చెను. అది శుక్రవారము సాయంకాలము.

మా యింటివారు "ఇప్పుడే తీసివేయుము, ఎండలు ముదిరిన పిమ్మట కూలరు లేక ఎట్లు?" అనిరి. ఆ మాటయందు న్యాయము లేకపోలేదు. మా యత్తగారికి చలికాలమంతయు నాయాసమే. పావురపు రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని వైద్యులు చెప్పియున్నారు. కాని ఆ యత్తగారే "పురిటింట నున్నదానిని వెళ్లగొట్టకుము. నేను ముందుగదిలో పండుకొందును లే" అనిరి. ఇరువురి మాటలకు నడుమ నేను ఏమియు తోచక నిలుచుంటిని.

నా తటపటాయింపునకు వేరొక కారణము గూడ గలదు. కిందటి యేడు వేసవిలో, పొరుగింటి పెంకుల సందునుండి జారిపడిన పావురపు పసికూన నొకదానిని ఆ యింటి చిన్నది నా దగ్గరకు తెచ్చినది. కన్నులు తెరవని పిల్ల. ఆకలిగొన్నదని తలచి నేను ప్రత్తివత్తితో ఆవుపాలు దాని నోట పిండితిని. తెల్లవారుసరికి అది చనిపోయియుండెను. చిన్నది రెండు దినములు మా గడప త్రొక్కలేదు. ఆనాడు నాకు జాలికి కొదువ లేదు; తెలియవలసినది తెలియకపోవుటయే కొదువ. ఆ పిమ్మట చదివియు, పావురములను పెంచువారిని అడిగియు తెలిసికొన్న సంగతులను, ఈ యేడు నా కన్నుల ముందే జరిగినదానితో కలిపి వ్రాయుచున్నాను.

మొదట, ఇవి మన యిండ్లనే యేల వెదకుకొనునో చూతము. ఊరి పావురములు కొండపావురముల సంతతివి. వాని పూర్వులు కొండచరియల యరలమీదను, గుహలలోను గూళ్లు కట్టుకొనెడివి. మన కిటికీల చూరులు, మేడల పిట్టగోడలు, కూలరుల యినుపబల్లలు వానికి కొండయరల వలెనే తోచును. పూర్వము మా యూర పెంకుటిండ్ల సందులే వాని స్థానములు. 2016 అక్టోబరు 11న, విజయదశమినాడు, సిద్దిపేట జిల్లాకేంద్రమైనది. నాటినుండి లేచిన మేడల చూరులన్నియు వానికి క్రొత్త కొండలే. ధాన్యపు మార్కెట్టులో రాలిన గింజలును, కోమటి చెరువు నీరును దగ్గరనే యున్నవి. ఇక కావలసినది గూటికి జానెడు చోటు మాత్రమే.

పావురము సామాన్యముగా రెండు గ్రుడ్లు పెట్టును. మొదటిది సాయంకాలమున, రెండవది సుమారు 44 గంటల పిమ్మట, అనగా మూడవనాటి మధ్యాహ్నమున పెట్టును. మా కూలరుమీద సరిగా అట్లే జరిగినది: శుక్రవారము సాయంకాలమున నొకటి, ఆదివారము భోజనములవేళకు రెండవది. మొదటి గ్రుడ్డుమీద ఆ రెండు దినములు పావురము నిలకడగా పొదుగదు. పైన నిలుచుండియో, అప్పుడప్పుడు కూర్చుండియో కాపాడుచుండును. దానిని చూచి "తల్లి విడిచినది, మనమే వెచ్చజేయుదము" అని గ్రుడ్డును దూదిలో చుట్టి లోపలికి తెచ్చుట పొరపాటు. రెండవది వచ్చినపిమ్మటనే అసలు పొదుగుట మొదలగును. అందుచేతనే పిల్లలు రెండును ఇంచుమించు ఒకేసారి పుట్టును.

పొదుగుట సుమారు 17, 18 దినములు. ఇందు ఆలుమగల పంపకము చూడ ముచ్చటగా నుండును. ప్రొద్దెక్కిన తరువాత మగపావురము వచ్చి కూర్చుండును. సాయంకాలము వరకు దానిదే వంతు. సాయంకాలమునుండి మరునాటి ఉదయము వరకు ఆడుదానిది. మా యత్తగారు ముందుగదినుండి వచ్చి దినమునకొకసారి ఈ వంతుల మార్పిడిని చూచి, "మీ మామగారు ఒక్కనాడైనను ఉయ్యెల యూపి యెరుగరు" అని నవ్వెడివారు.

ఈ దినములలో మనము చేయవలసినది స్వల్పము, చేయరానిదే మెండు. గూటిని చోటు మార్పరాదు. రెండు మూరలు జరిపినను పక్షి దానిని తనదిగా పోల్చుకొనక విడిచిపోవచ్చును. మాటిమాటికి కిటికీ తెరచి చూడరాదు. గ్రుడ్డులో జీవమున్నదో లేదో తెలియగోరువారు ఐదారు దినముల పిమ్మట ఒకేసారి, పక్షి లేచినపుడు, సెల్లు దీపమునకు గ్రుడ్డు నడ్డముపెట్టి చూడవచ్చును. జీవమున్నచో లోపల సాలెపురుగు కాళ్లవలె ఎర్రని సన్నని నరములు కానవచ్చును. లేనిచో తేటగా వెలుగును. ఎండ నేరుగా పడుచోటైనచో పైన గోనెపట్టయొకటి కట్టి నీడ కల్పింపవచ్చును. గూటికి దూరముగా వెడల్పు మూకుటిలో నీరు పెట్టవచ్చును. గూటిక్రింద వార్తాపత్రికవంటి నున్నని కాగితము మాత్రము పరువరాదు. పిల్లల కాళ్లు చెరియొక ప్రక్కకు జారి, వంకరపోయి, ఎన్నటికిని నిలువలేవు. పుల్లలు, పీచు, కాలు పట్టు దొరకునట్టి గరుకునేల వానికి మేలు.

పిల్ల బయటపడుటకు ముందు పెంకుమీద చిన్న నెర్రె కనబడును. ఆ నెర్రెనుండి పూర్తిగా వెలువడుటకు ఒక్కొక్కప్పుడు ఒక దినము పట్టును. పెంకు నొలిచి సాయపడవలెనని మన చేతులు తహతహలాడును. అది కూడదు. లోపలి పొరలలోని రక్తము పిల్లలోనికి ఇంకుటయు, పచ్చసొనలో మిగిలినది దాని కడుపులోనికి చేరుటయు ఆ గంటలలోనే జరుగును. తొందరపడి ఒలిచినచో నెత్తురు కారి చనిపోవును.

మా యింట మొదటి కూన బుధవారము చీకటిపడువేళకును, రెండవది గురువారము సాయంకాలమునకును వెలువడినవి. పుట్టిననాడు పిల్ల సుమారు 15 గ్రాములు తూగును. మూసిన కన్నులు, పసుపుపచ్చని నూగు, శరీరమునకు మించిన ముక్కు. చూచువారికి చక్కదనమేమియు గానరాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పసికూనకు తల్లిదండ్రులు మొదటి దినములలో గింజలు పెట్టవు, పాలిచ్చును! గొంతుక్రింద మేత నిలువయుండు సంచి గలదు గదా. పొదుగుటలోని కడపటి దినములలో, ఆడుదానికిని మగదానికిని గూడ, ఆ సంచి లోపలిపొర దళసరియై, విరిగిన జున్నువలె ముద్దముద్దగా రాలును. అదియే పావురపు పాలు. దీనిని 1786లో జాన్ హంటరను స్కాట్లండు వైద్యుడు వర్ణించి ప్రకటించెను. ఇందు మాంసకృత్తులును క్రొవ్వును మెండు, పాలచక్కెర లేదు. దీనిని త్రాగి పిల్ల రెండు దినములలోనే ఇంచుమించు రెట్టింపు బరువగును. పులికాటు సరస్సునకు వచ్చు రాజహంసలును తమ పిల్లల కిట్టి పాలనే యిచ్చును.

బాలింతలైన సోదరీమణులు ఇంకొక విశేషము వినవలెను. మన రొమ్ములలో పాలు పడుటకు కారణమైన ప్రోలాక్టిన్ అను రసమే పావురపు గొంతులోను ఈ పాలను పుట్టించుచున్నది. 1933లో అమెరికాలో ఆస్కార్ రిడిల్ అను శాస్త్రజ్ఞుడును అతని తోడివారును ఈ రసమును పావురముల మేతసంచి సాయముననే గుర్తించి దానికి పేరు పెట్టిరి. చాల కాలము వరకు ఆ రసము బలమెంతయో తూచుటకు పావురపు మేతసంచియే త్రాసుగా నుండెను.

కిందటి యేడు నేను చేసిన తప్పు ఇప్పటికి మీకు తెలిసియుండును. ఆవుపాలలోని చక్కెర పక్షి కడుపున జీర్ణము కాదు. అంతకంటె పెద్ద తప్పు, నోటిలో పిండుట. తక్కిన పక్షుల పిల్లలు నోరు తెరచి పైకెత్తును; పావురపు పిల్ల యట్లు చేయదు. అది తన ముక్కును తల్లి నోటిలోనికి దూర్చి తానే జుర్రుకొనును. దాని నోట మనము చుక్కలు పోసినచో అవి ఊపిరిగొట్టములోనికి పోయి ఉక్కిరిబిక్కిరియై చనిపోవును.

పుట్టిన మూడు నాలుగు దినముల పిమ్మట పాలతోపాటు నానిన గింజలును చేరును. ఐదవనాటి ప్రాంతమున కన్నులు విచ్చును. వారము దాటగా సూదులవలె ఈకలు మొలచును. మొదటి వారము, పది దినములు తల్లియో తండ్రియో రేయింబవళ్లు పైన కూర్చుండి వెచ్చజేయును. ఆపైన పిల్లలను విడిచి మేతకై తిరిగి, తినిపించుటకు మాత్రమే వచ్చును. దీనిని చూచియు "అనాథలైనవి" అని భ్రమపడరాదు. పిల్లల గొంతుక్రింది సంచి నిండి యుబ్బెత్తుగా నున్నచో వానికి కొదువ లేదని తెలిసికొనవలెను. నాలుగు, అయిదు వారములకు అవి యెగిరిపోవును.

మా రెండవ కూన ఒక దినము ఆలస్యముగా పుట్టుటచే అన్నకంటె సగమే యుండెను. మూడవనాడు ప్రొద్దుట గాలివిసరున జారి కూలరు అంచున పడియుండెను. పొరుగింటి చిన్నదియే దానిని మొదట చూచినది. పరుగున వచ్చి, నా కొంగు పట్టుకొని, "అక్కా, గిది బతుకుతదా?" అని యడిగినది. నా గుండె ఝల్లుమన్నది. పిల్ల చల్లగా రాయివలె నున్నది. మెడ మాత్రము కొంచెము కదలుచుండెను. ఈసారి నేను పాలగిన్నెకై పోలేదు. రెండరచేతుల నడుమ దానిని పెట్టుకొని అరగంటసేపు కూర్చుంటిని. చల్లబడిన పిల్లకు ముందు వేడిమి, తరువాతనే మేత. చల్లని కడుపులో మేత యరుగదు, పులిసిపోవును. అది కాళ్లు తన్నుట మొదలిడగానే గూటిలో అన్న ప్రక్కన పెట్టి కిటికీ మూసితిని. మనుష్యుల చేయి తగిలిన పిల్లను తల్లి చేరనీయదను మాట నిజము కాదు. పది గంటలకు మగపావురము తన వంతునకు వచ్చి రెంటిమీదను కూర్చున్నది. చిన్నదియు నేనును కిటికీ సందున చూచుచుంటిమి. మధ్యాహ్నమునకు ఆ చిన్నకూన ముక్కు తండ్రి నోట నున్నది.

కాబట్టి క్రింద పడిన కూన దొరికినపుడు మొదటి వైద్యము దానిని గూటికి చేర్చుటయే. గూడు తెలియనపుడో, ఒక పూటయంతయు కాచినను తల్లిదండ్రులు రానపుడో మాత్రమే మనము పూనుకొనవలెను. అప్పుడు చేయవలసిన విధమిది. చెప్పులపెట్టెలో మెత్తని గరుకుబట్ట పరచి, వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి ఒకప్రక్క పెట్టుడు. వేడి యెక్కువైనచో పిల్ల రెండవప్రక్కకు జరుగుటకు వీలుండవలెను. ఈకలు లేని పిల్లకు మన యొంటి వేడి యంతటి వెచ్చదనము కావలెను. ఈకలు వచ్చుకొలది తగ్గింపవచ్చును. మేతకు, పెంపుడు పక్షుల దుకాణములలో దొరకు పక్షిపిల్లల పొడిని గోరువెచ్చని నీట కలిపి, మొదట పలుచని గంజివలెను, పిదప చిక్కగాను చేయుడు. సూది తీసివేసిన సిరంజి గొట్టపు కొన కోసి, పలుచని రబ్బరు కట్టి, చిన్న గంటు పెట్టినచో పిల్ల తన ముక్కును దూర్చి తానే త్రాగును. సంచి మెత్తగా నిండిన చాలును; బిగిసిపోవునట్లు పెట్టరాదు. అది ఇంచుమించు ఖాళీ యైన పిమ్మటనే మరల పెట్టవలెను: మొదటివారము పగటివేళ రెండు మూడు గంటల కొకసారి, రెండవవారము దినమునకు నాలుగైదు మారులు. పది దినములు దాటిన పిల్లకు ఉడికించి చల్లార్చిన పచ్చిబఠాణీ గింజ లొక్కొక్కటిగా మ్రింగింపవచ్చును. పాలన్నము, రొట్టె, పాలు వలదు. మూడు నాలుగు దినముల లోపలి పసికూన మన చేతులలో బ్రతుకుట కష్టము. వెంటనే పశువైద్యునికి చూపుట మేలు.

తల్లి విడిచిన గ్రుడ్ల సంగతి కూడ కొందరు అడుగుదురు. యంత్రములో 37 డిగ్రీల పైచిలుకు వేడిమిలో, దినమునకు కొన్నిమార్లు త్రిప్పుచు పొదిగింపవచ్చును. కాని పుట్టినపిమ్మట పాలిచ్చువారెవరు? అందుచేత పావురములను పెంచువారు, అదే దినములలో గ్రుడ్లు పెట్టిన వేరొక జంటక్రింద వానిని చేర్తురు. గ్రుడ్లుగాని ఆ ప్రాయపు పిల్లలుగాని యున్న జంట గొంతులోనే ఆ పాలు ఊరును.

ఇక మా యింటివారి మాటలోని న్యాయమునకు వత్తము. ఎండిన రెట్టలో క్రిప్టోకాకస్ అను బూజుజాతి సూక్ష్మజీవి యుండవచ్చును. రెట్ట, ఈకల దుమ్ము చాలకాలము పీల్చినచో కొందరి ఊపిరితిత్తులు వాచి, క్రమముగా గట్టిపడును. వారములకొలది పొడిదగ్గు, మెట్లెక్కిన ఆయాసము ఉన్నవారు వైద్యుని యొద్దకు పోయినపుడు "మా కిటికీలో పావురములున్నవి" అని తప్పక చెప్పవలెను. ఈ భయముచేతనే 2025 జూలైలో ముంబయి నగరమున పావురములకు గింజలు చల్లు కబూతరుఖానాలను మూయింప బూనుకొనగా పెద్ద కలహమై హైకోర్టు వరకు పోయినది. కూలరుమీది గూడు మరింత ముప్పు. ఆ యంత్రము గడ్డిగుండ బయటి గాలిని లాగి తిన్నగా మన ముఖములమీదికి విసరును. అందుచే మేము ఆ రెండు నెలలు కూలరు త్రిప్పలేదు. కిటికీ సందులకు బట్ట దోపి, అత్తగారి మంచము ముందుగదిలో వేసితిమి. రాత్రులు డాబామీద పండుకొంటిమి.

అందరి యిండ్లలో ఇది సాగదు. ఉబ్బసము గలవారును, పసిపిల్లలును ఒకే గదిలో నున్న యింట పురిటిల్లు పెట్టనిచ్చుట తగదు. కాని దానికి వేళ యున్నది. పుల్లలు తెచ్చుచున్నపుడే తీసివేసిన ఎవరికిని హాని లేదు. గ్రుడ్డు పెట్టిన మొదటి దినముననే తీసినను లోపలి జీవము ఇంకను రూపుగొనదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున పావురముల కిండ్లు కట్టించి, గ్రుడ్లకు బదులు బొమ్మగ్రుడ్లు పెట్టి, సంఖ్య పెరుగకుండ చేయుచున్నారు. పిల్లలు పుట్టిన పిమ్మట మాత్రము నెలదినములు ఓర్చుకొనుటయే ధర్మము. శిబిచక్రవర్తి పావురము కొరకు తొడకోసి యిచ్చెనని కథ. మనల నెవరును అంత యడుగుట లేదు.

చైత్రము ముగియునాటికి మా కూనలు రెండును ఎగిరిపోయినవి. చిన్నది రెండు దినములు వెనుకబడినది. పిల్లలు ఎగురకముందే అదేచోట మరల గ్రుడ్లు పెట్టుట పావురములకు వాడుక గనుక, మేము ఆ సాయంకాలమే గూడు తీసితిమి. తీయుటకు ముందు ముక్కునకు మాస్కు, చేతులకు తొడుగులు వేసికొని, రెట్టమీద నీరు చల్లి బాగుగా నానబెట్టితిమి. ఎండినదానిని చీపురుతో ఊడ్చినచో దుమ్మంతయు మన లోపలికే పోవును. పిమ్మట కూలరు కడిగి, గడ్డి మార్చి, చుట్టును నైలాను వల కట్టించితిమి. చూరులమీద కూర్చుండకుండ ఏటవాలు పలక పెట్టినను చాలును.

మరునాడు ఆ జంట వచ్చి వలమీద కొంతసేపు కూర్చుండి, పెరటి వేపచెట్టు దాటి పోయినది. మా యత్తగారు "ఇప్పుడు త్రిప్పుము కూలరు" అనిరి. పొరుగింటి చిన్నది మాత్రము ఇప్పటికిని బడినుండి రాగానే ముందు మా పెరటికి పోయి ఆకాశమువంక చూచి, తరువాతనే యింటికి పోవుచున్నది.

మీ యిండ్లలో పక్షులు గూడు కట్టినపుడు మీరు చేసినదియు, పొరపడినదియు గూడ వ్రాసి పంపుడు. మన పుటయందు ప్రకటింతుము. వచ్చు నెల, వేసవిలో కుండనీటిని చల్లగా నుంచు విధములు.